చేవెళ్ల రోడ్డుకు అడ్డం మర్రిచెట్లా, మనమా?
(ఒక చర్చలో నలుగురు మారుపేర్లతో రాసిన మాటలు)

తాండూరు బస్సు:
ఇరవై ఏళ్లుగా ఈ దారిన తిరుగుతున్నాను కాబట్టి సూటిగానే అడుగుతున్నాను. హైదరాబాద్ శివారు అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. పేరుకు బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారి. ఎదురుగా టిప్పర్ వచ్చిందంటే మాత్రం బస్సులో అందరి మాటలూ ఆగిపోతాయి. దీన్ని నాలుగు వరుసలు చేస్తామన్నారు. రోడ్డుకు రెండు వైపులా ఉన్న సుమారు 900 మర్రిచెట్లు పోతాయని 2021లో కొందరు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. చెట్టు తరఫున వాదించడానికి వకీలు దొరికాడు. ఆ బస్సులోని వాళ్ల తరఫున ఎవరున్నారు?

మర్రినీడ:
ఆ రోజు వార్తలు చూడలేక టీవీ కట్టేశాను, మీ కోపం నాకు పరాయిది కాదు. కానీ ఆ బస్సు చెట్టును గుద్దుకోలేదు. రెండు బండ్ల మధ్య డివైడర్ లేదు, టిప్పర్ నిండా కంకర ఉంది. ఆ రెండింటికీ మర్రి ఏం సమాధానం చెబుతుంది?

కేసు సంగతి కూడా వినండి. రోడ్డు వద్దని ఎవరూ అనలేదు. చెట్ల సంగతి తేల్చాకే పని మొదలుపెట్టమన్నారు. 2006 నాటి పర్యావరణ ప్రకటనకు 2013లో చేసిన సవరణ ప్రకారం జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటితేనే ముందస్తు పర్యావరణ అనుమతి అడగాలి. 46 కిలోమీటర్ల ముక్కకు ఆ బెడద లేదు. అందుకే రోడ్డు నక్షా గీసినప్పుడు చెట్ల లెక్క ఎవరికీ పట్టలేదు. చివరికి ఏం చేశారు? చాలా చెట్లు నిలిచేలా నమూనా మార్చారు, మిగిలినవాటిని తరలిస్తామన్నారు. ఆ బుద్ధి మొదటి రోజే ఉంటే పని 2021లోనే మొదలయ్యేది. ఆలస్యం ఎవరి ఖాతాలో రాయాలో మీరే చెప్పండి.

తాండూరు బస్సు:
గుద్దుకోలేదు, ఒప్పుకుంటాను. అయితే తప్పుకోవడానికి చోటెక్కడ? రాత్రిపూట తారు అంచు దిగితే మట్టి, మట్టి దాటితే మర్రిచెట్టు బోదె. ఎదుటి బండి దీపాలు కళ్లలో పడితే ఆ బోదె ఎంత దూరంలో ఉందో డ్రైవరుకు తెలియదు. మీరు ఆదివారం చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చి నీడ బాగుందని వెళ్లిపోతారు. మేము రోజూ వెళ్తాం.

తోటపని:
తరలింపు గురించి ఒక మాట, ఆ పని కొంత చేసినవాడిగా. మర్రి మొండి చెట్టు. లావుపాటి కొమ్మ పాతినా వేరు పడుతుంది, అందుకే మిగతా చెట్ల కంటే దీన్ని తరలించడం మేలు. ముందు కొమ్మలన్నీ కొట్టేస్తారు, లేకపోతే దారిలో కరెంటు తీగల కింద పట్టదు. బోదె చుట్టూ కందకం తవ్వి, వేళ్ల ముద్దను గోనెతో కట్టి, క్రేన్‌తో లేపి లారీ మీద పెడతారు. కొత్త గుంతలో దించిన నాడు అది చెట్టులా ఉండదు, మొండెంలా ఉంటుంది. చిగురు వస్తుంది. నీడ మాత్రం మీ మనవడికి.

అసలు కష్టం క్రేన్ వెళ్లిపోయాకే. కనీసం రెండు వేసవులు ట్యాంకరుతో నీళ్లు పోయాలి, చెద రాకుండా చూడాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. అది ఒక్క చెట్టు, పేరున్న చెట్టు. పేరు లేని వాటికి రెండో వేసవిలో నీళ్లెవరు పోస్తారని నేను అడుగుతున్నాను. రోడ్డా చెట్టా అని మీరు కొట్టుకుంటున్నారు గానీ, ఈ ప్రశ్న ఇద్దరూ వేయడం లేదు.

గులాబీ తోట:
మీ ముగ్గురూ రోడ్డు మీద నుంచి మాట్లాడుతున్నారు. నాది చెట్టుకు అవతలి వైపు, మొయినాబాద్ పక్క పొలం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్లు పాడు కాకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేశారు. నగరం తాగే నీటి కోసం మేము ఊరుకున్నాం. 2022లో 69 జీవోతో పగ్గం వదులు చేశారు. అప్పటి నుంచి పొలం గట్టు మీద కార్లు ఆగుతున్నాయి, గులాబీల ధర కాదు, గజం ధర అడుగుతున్నారు. ఈ నాలుగు వరుసలు తాండూరు బస్సు కోసమే వేస్తున్నారని నన్ను నమ్మమంటారా?

అయినా రోడ్డు వద్దనను. తెల్లవారుజామున పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరకపోతే ఆ రోజు పంట దండగ. కానీ మధ్యలో డివైడర్ వచ్చాక ఇంటి నుంచి చేనుకు ట్రాక్టర్ ఎలా దాటాలి? ఎక్కడో ఉన్న మలుపు దాకా వెళ్లి తిరిగి రావాలా? మా వాళ్లు ఆ పని చేయరు, ఎదురు దారిలోనే వస్తారు. అప్పుడు మళ్లీ ప్రమాదం, మళ్లీ మనమే ఇక్కడ వాదన. రోడ్డు కింద నుంచి దాటే దారి ఎక్కడెక్కడ ఇస్తారని ఒక కార్యాలయంలో అడిగితే నక్షా చూపించారు. నా ఊరు ఆ కాగితం మడతలో పడింది.

మర్రినీడ:
గులాబీ తోట గారూ, మడత విప్పమనలేదా?

గులాబీ తోట:
విప్పారు. అక్కడ టీ మరక ఉంది.

తాండూరు బస్సు:
నవ్వొచ్చింది, క్షమించండి. చిలుకూరు మాట వెనక్కి తీసుకుంటున్నాను, మర్రినీడ గారూ. చెట్లు నిలిచినా నాకు అభ్యంతరం లేదు. వాటి ముందు ఇనుప రక్షణ పట్టీ కట్టండి, బోదెలకు రాత్రి మెరిసే బిళ్లలు కొట్టండి, టిప్పర్లను తూకం వేయండి. తూకం వేయడానికి ఏ ట్రిబ్యునలూ అడ్డు రాలేదు, అదే నాకు మింగుడు పడటం లేదు.

తోటపని గారూ, తరలించిన చెట్టు బతికిందో లేదో బస్సు కిటికీలోంచి చూస్తే తెలుస్తుందా? ఏ నెలలో చూడాలి?

తోటపని:
రెండో ఏడు మే నెలలో. ఆకు కాదు, బోదె అడుగున మట్టి తడిగా ఉందేమో చూడండి.