అప్‌డేట్: అమ్మ పొడి దగ్గు, మాట్లాడని డాక్టరు

నెల క్రితం అడిగాను కదా, బీపీ మందు మొదలుపెట్టాక అమ్మకు పొడి దగ్గు పట్టుకుంది, డాక్టరు గారేమో కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా చీటీ రాసేస్తున్నారని. డాక్టర్ని మార్చమని చాలామంది చెప్పారు. మార్చలేదు. "ముఖ్యమైన ప్రశ్న లేచి వచ్చేటప్పుడు కాదు, కూర్చోగానే అడగండి" అని ఒకరు అన్నది పట్టుకున్నాను.

ఈసారి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లి, ముందే దగ్గు సంగతి ఎత్తాను. ఆయన కుర్చీ అమ్మ వైపు తిప్పి, "ఎప్పటినుంచమ్మా? రాత్రి నిద్ర పడుతోందా?" అన్నారు. అమ్మ వేసుకుంటున్న రామిప్రిల్ లాంటి బీపీ మందులతో కొందరికి ఇలా పొడి దగ్గు వస్తుందట. దాన్ని ఆపి టెల్మిసార్టాన్ అనే వేరే రకం బీపీ మందు రాశారు. దగ్గు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చని కూడా చెప్పారు. ఆ మాటతోనే మాకు సగం టెన్షన్ పోయింది.

తర్వాత, "మాత్రలు రోజూ వేసుకోవడం కష్టంగా ఉందా?" అని మెల్లగా అడిగారు. దగ్గుకు భయపడి రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని అమ్మ ఒప్పేసుకుంది! ఇంట్లో నేను ఎన్నిసార్లు గదమాయించినా బయటపెట్టని మాట అది. (తప్పు నాదే, గదమాయిస్తే ఎవరు చెప్తారు.) ఆయన కోప్పడలేదు. మందు ఎలా వేసుకోవాలో అమ్మ చేతే తిరిగి చెప్పించుకున్నారు. ఒకచోట తప్పు చెబితే సరిచేశారు.

ఇప్పుడు దగ్గు చాలావరకు తగ్గింది. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు వచ్చే వారం. బయట రెండు గంటలు కూర్చోవడం మాత్రం మామూలే.