‘తిరుగు’ అసలు అర్థం ఏది: గుండ్రంగా తిరగడమా, పక్కకు మళ్ళడమా?

పదాలపుట్ట:
ఫ్యాన్ తిరుగుతుంది. పనీపాటా లేనివాడు ఊరంతా తిరుగుతాడు. ఇచ్చిన అప్పు తిరిగి వస్తుంది. ఎక్కువసేపు ఎండలో నిలబడితే తల తిరుగుతుంది. వీటిలో ముందు పుట్టిన అర్థం ఏది? నా మటుకు గుండ్రంగా తిరగడమే. తిరగలి చూడండి: కింది రాయి కదలదు, పై రాయి నడిమి మేకు చుట్టూ తిరుగుతుంది, పేరూ అందుకే వచ్చింది. అన్నట్టు, ఈ మాట సంస్కృత ‘తిర్యక్’ నుంచి వచ్చిందనీ, ఇంగ్లిష్ ‘టర్న్’కు చుట్టమనీ కొందరంటారు. నిజమేనా?

నుడికారం:
రెండూ కాదండీ. ‘టర్న్’ లాటిన్ మీదుగా గ్రీకు ‘టోర్నోస్’ దగ్గరికి పోతుంది. తిర్యక్ అంటే అడ్డంగా, ఏటవాలుగా అని. మన మాటకు అసలు చుట్టాలు పక్కనే ఉన్నాయి: కన్నడంలో తిరుగు, తమిళంలో తిరి, తిరుంబు, మలయాళంలో తిరియుక. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో ఇవి ఒకే కుదురు మాటలు.
అసలు ప్రశ్నకొస్తే, నేను మళ్ళడం వైపే. పొద్దుతిరుగుడు మొక్క గిరగిరా తిరగదు, లేతగా ఉన్నప్పుడు పొద్దు వైపు మొహం తిప్పుతుంది, అంతే. పేజీ తిప్పుతాం, మాట తిప్పేస్తాం. ఎక్కడా పూర్తి చుట్టు లేదు. గుండ్రంగా అని చెప్పాలంటే ‘గిరగిరా’ చేర్చాల్సి వస్తోంది కదా!

పదాలపుట్ట:
ఆ చివరి వాదన నిలవదండీ. గబగబా పరుగెత్తాడు అంటాం, పరుగులో వేగం లేకనా? సంస్కృతంలో ‘భ్రమ్’ ధాతువుకూ తిరుగాడటం, గుండ్రంగా తిరగడం రెండూ ఉన్నాయి. భ్రమణం, భ్రాంతి అక్కడివే.

నుడికారం:
రెండూ ఉన్నాయంటే ఏది ముందో తేలదు కదండీ. పొద్దుతిరుగుడు సంగతికి మీరు జవాబే చెప్పలేదు.

పాతనిఘంటువు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. తమిళం, మలయాళాల్లో ‘తిరి’ అంటే దీపపు వత్తి కూడా. వత్తి గుండ్రంగా తిరగదు, పక్కకు మళ్ళదు, మెలిపెడితే తయారవుతుంది. తమిళంలో ‘తిరుగు’ అంటే మెలితిప్పడమే. నాకైతే మెలిపెట్టడమే మొదటి అర్థంలా కనిపిస్తోంది. పోగుకు పురి ఎక్కించేటప్పుడు అది తన చుట్టూ తాను తిరుగుతుంది, దాని దిశా మారుతుంది. మీ రెండు అర్థాలూ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి.