ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరే ముందు గణితం కోసం ఒక ఏడాది ఆగాలా?

పెన్నాతీరం (అనంతపురం):
ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎం.ఏ. ఎకనామిక్స్ వైపు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంటర్‌లో సి.ఇ.సి. లేదా హెచ్.ఇ.సి., ఆ తర్వాత బి.ఏ. చదివినవాళ్లు. పదో తరగతి అయ్యాక గణితం పుస్తకం మళ్లీ తెరవరు. వీళ్లు శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో ఏదో ఒకదాంట్లో వెంటనే చేరాలా, లేక ఏడాది ఆగి గణితం పట్టుకుని, సి.యు.ఇ.టి. పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కో పోవాలా? ఆగాలనే నా మాట.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాస్తే తప్పు జవాబుకు మార్కులు పోవు. సి.యు.ఇ.టి.లో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. అవకలనం, మాత్రికలు, సంభావ్యత రానివాళ్లు అందులో చాలా ప్రశ్నలు వదిలేయాలి. సీటొచ్చినా మొదటి సెమిస్టర్ మైక్రో (సూక్ష్మ అర్థశాస్త్రం) లోనే లగ్రాంజ్, అంటే బడ్జెట్ లాంటి హద్దుకు లోబడి గరిష్ఠం కనుక్కునే పద్ధతి, ఎదురవుతుంది. అక్కడ ఎవరూ మొదటినుంచీ చెప్పరు.

గుత్తికోట (అనంతపురం):
అన్నా, రెండు చోట్ల ఒప్పుకోను.

మొదట ఆ మైనస్ లెక్క. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగో వంతు అవకాశానికి 4, ముప్పావు వంతుకు మైనస్ 1. సగటున పావు మార్కు మిగులుతుంది, పోదు. ఒక జవాబు కచ్చితంగా తప్పని తీసేస్తే సగటు 0.67కు పోతుంది. కాబట్టి మైనస్ మార్కులకు భయపడి ఖాళీగా వదలడమే నష్టం. నిజమైన ప్రమాదం సగం తెలిసినవాళ్లకు. గణితం ప్రశ్నల్లో తప్పు జవాబులను విద్యార్థులు మామూలుగా చేసే పొరపాట్ల నుంచే తయారుచేస్తారు. గుర్తు మర్చిపోతే వచ్చే సంఖ్య, గొలుసు సూత్రం వాడకపోతే వచ్చే సంఖ్య అక్కడే కూర్చుని ఉంటాయి. అందుకని సగం తెలిసినవాడు గుడ్డిగా పెట్టినవాడికంటే వెనకబడతాడు.

రెండోది, ఏడాది ఎందుకు? ఎం.ఏ.కు కావలసిన గణితం ఇంటర్ గణితంలో మూడో వంతు కూడా కాదు. ప్రమేయాలు, వాటి గ్రాఫులు, ఘాతాలు, సంవర్గమానాలు, అవకలనంలో నాలుగు సూత్రాలు, పాక్షిక అవకలనం, 3×3 దాకా మాత్రికలు, క్రామర్ పద్ధతి, సంభావ్యత, విస్తృతి, అంతే. వృత్తాలు, త్రికోణమితి, శాంకవాలు పక్కన పెట్టేయొచ్చు. సమాకలనం వినియోగదారుని మిగులు, సంభావ్యతా సాంద్రతల దగ్గరే పనికొస్తుంది. సంకీర్ణ సంఖ్యలు గుణకం–త్వరణం నమూనాలో చక్రాలు చూపేటప్పుడు కనబడతాయి, అప్పుడు చూసుకోవచ్చు. రోజుకు 2 గంటలు పెడితే పది, పన్నెండు వారాల పని. డిగ్రీ చివరి సెమిస్టర్‌లో మొదలుపెడితే క్లాసులు తెరిచేలోపు అయిపోతుంది.

లగ్రాంజ్ అంటే భయపెడతారు గానీ ఒక లెక్క చేతితో చేస్తే చాలు. ప్రయోజనం ఎక్స్ × వై, ధరలు 2, 4, ఆదాయం 40. రెండు అవకలజాలను వాటి ధరలతో భాగించి సమానం చేయండి: వై ÷ 2 = ఎక్స్ ÷ 4, అంటే ఎక్స్ = 2 వై. బడ్జెట్‌లో పెడితే ఎక్స్ 10, వై 5, ప్రయోజనం 50. ఆ రెండు భాగఫలాల ఉమ్మడి విలువే లామ్డా, ఇక్కడ 2.5. ఇక్కడ ఆపేస్తే ఏమీ నేర్చుకోనట్టే. ఆదాయం 41 చేసి మళ్లీ కట్టండి. ఎక్స్ 10.25, వై 5.125, ప్రయోజనం దాదాపు 52.53. పెరిగింది 2.53. లామ్డా అంటే ఆదాయపు ఉపాంత ప్రయోజనం అని పుస్తకంలో ఉండే వాక్యం అప్పుడు అర్థమవుతుంది.

కేసీకాలువ (కర్నూలు):
ఇద్దరూ గణితం చుట్టూనే తిరుగుతున్నారు. తెలుగు మీడియంలో చదివిన బి.ఏ. పిల్లలు మొదట తడబడేది మాట దగ్గర. 'వ్యాకోచత్వం' బాగా తెలిసిన అమ్మాయి 'ఎలాస్టిసిటీ' అని వినగానే కొత్త పాఠం అనుకుంటుంది. ఉదాసీనతా వక్రరేఖ, ఉపాంత ప్రతిస్థాపన రేటు, ప్రతిగమనం, విస్తృతి, ఇవన్నీ తెలిసిన విషయాలే, పేర్లే మారాయి. ఒక నోటుబుక్‌లో రెండు వరుసలు గీసి 300 మాటలు ఎక్కించుకుంటే సగం భయం పోతుంది.

తర్వాత రాయబోయే పరీక్షలు చూడండి. లెక్చరర్ అర్హతకు రాసే యు.జి.సి. నెట్ ఇంగ్లిష్ లేదా హిందీలో; మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అయితే జవాబులన్నీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. రాతపరీక్ష 1000 మార్కులు: జనరల్ ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ నూరేసి, ఎకనామిక్స్ పేపర్లు నాలుగు, ఒక్కొక్కటి 200. పైన ఇంటర్వ్యూ 200. వయసు 21 నుంచి 30 లోపు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. గణితం ఒక్కటే వస్తే ఆ వివరణాత్మక జవాబులు ఎవరు రాస్తారు? లెక్క కట్టి, పటం గీసి, దాని కింద నాలుగు వాక్యాల్లో కారణం చెప్పలేని పేపర్‌కు మార్కులు పడవు. ఏడాది ఆగితే 30కి ఒక అడుగు దగ్గరవుతారనే సంగతి కూడా మరవొద్దు.

పెన్నాతీరం:
అంచనా లెక్క సరిగ్గా చెప్పావు గుత్తికోటా, ప్రశ్నలు వదిలేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మాటల నోటుబుక్ గురించి కేసీకాలువ మేడమ్ చెప్పిందీ ఒప్పుకుంటా. కానీ పన్నెండు వారాలన్నది ఇప్పటికే బీజగణితం చేతిలో ఉన్నవాళ్లకు. మన పిల్లలు తప్పేది అవకలనంలో కాదు, దాని కిందున్న స్కూలు స్థాయి పనిలో. రెండు భిన్నాలు కలపడం, అసమానతలో మైనస్‌తో గుణించినప్పుడు గుర్తు తిప్పడం, 'లాగ్ ఆఫ్ ఎ ప్లస్ బి'ని రెండు లాగ్‌లుగా విడగొట్టేయడం. సిగ్మాలో ఇంకో గండం ఉంది: ఎక్స్ వై లబ్ధాల మొత్తాన్ని, ఎక్స్ మొత్తం ఇంటూ వై మొత్తం అనుకుంటారు. ఇవి సర్దుకోవడానికే రెండు నెలలు. అవి సర్దకుండా లగ్రాంజ్ మొదలుపెడితే మూడో వారం నోటుబుక్ మూసేస్తారు. ఏడాది కాకపోయినా ఆర్నెల్లు అంటాను.

గండికోట (కడప):
ఆర్నెల్లు ఆగినా అడ్మిషన్లు ఏడాదికొకసారే కదా సార్, ఆర్నెల్లంటే ఏడాదే. అందుకే చేరమనే చెప్తాను. ఎందుకంటే గణితం అసలు పనికొచ్చేది అర్థమితి (ఎకనామెట్రిక్స్) లో, మూడు, నాలుగు సెమిస్టర్లలో ప్రాజెక్టు పెట్టుకున్నప్పుడు. అది బయట కూర్చుని నేర్చుకునేది కాదు, డేటాతో కొట్టుకుంటేనే వస్తుంది.

అయితే సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఒక ప్రతిగమనం (రిగ్రెషన్, అంటే ఎక్స్‌తో వై ఎలా మారుతుందో చూపే గీత) చేతితో కట్టాలి. ఎక్స్ విలువలు 1, 2, 3, 4, 5. వై విలువలు 2, 4, 5, 4, 5. సగటులు 3, 4. విచలనాల లబ్ధాల మొత్తం 6, ఎక్స్ విచలన వర్గాల మొత్తం 10, కాబట్టి వాలు 0.6, అంతరఖండం 2.2. అవశేషాలు మైనస్ 0.8, 0.6, 1, మైనస్ 0.6, మైనస్ 0.2, కలిపితే సున్నా రావాలి, రాకపోతే ఎక్కడో తప్పింది. వాటి వర్గాల మొత్తం 2.4, వై మొత్తం చలనం 6, కాబట్టి ఆర్-స్క్వేర్, అంటే వై చలనంలో గీత వివరించే వంతు, 0.6. ఇదే డేటాను గ్రెటల్‌లోనో ఆర్‌లోనో పెట్టి సరిచూసుకోవాలి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

ఇక మన జిల్లాల డేటా. వేరుశనగ దిగుబడి మీద వానల ప్రభావం అనే అంశం దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఒకరు తీసుకుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురానికి అది న్యాయమైన ప్రశ్నే. తప్పు జరిగేది ఏడాది మొత్తం వానను చలరాశిగా పెట్టడంలో. ఖరీఫ్ పంటకు జూన్ నుంచి సెప్టెంబర్ వరకు పడిన వాన, అందులోనూ ఊడలు దిగి కాయ ఊరే వారాల్లో పడిన వాన లెక్క. అక్టోబర్ నుంచి కురిసింది కలిపేస్తే గుణకం నీరుగారిపోతుంది. వాన దిగుబడికి ఒక హద్దు దాకే మేలు చేస్తుంది కాబట్టి వాన వర్గాన్ని కూడా చేర్చి చూడాలి.

ఇంకో పెద్ద గొయ్యి, 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల విడిపోయాయి. పాత శ్రేణి పక్కన కొత్త అంకెలు అతికిస్తే విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్టు కనబడుతుంది, దాన్ని కరువు అని రాసేస్తారు. కడప దగ్గర మరీ చిక్కు: అప్పుడు ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి కడప నుంచి రాయచోటి, రాజంపేట వైపూ, చిత్తూరు నుంచి మదనపల్లె, పీలేరు వైపూ వచ్చాయి. విభజన తర్వాతి కడప, అన్నమయ్య రెండూ కలిపితే పాత కడప రాదు. మండలాల వారీగా కూడుకుని పాత సరిహద్దు కట్టాలి, లేదంటే శ్రేణిని 2021–22 దగ్గర ఆపాలి. పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఇచ్చే జిల్లాల డేటా 1966 నుంచి దొరుకుతుంది కాబట్టి ఆపినా పరిశీలనలు చాలవనే బెంగ లేదు.

కేసీకాలువ:
ఇంకొకటి కలపండి. కాలంతోపాటు పెరిగే రెండు శ్రేణులు, ఉదాహరణకు బోర్ల సంఖ్య, బ్యాంకు డిపాజిట్లు, ఒకదానిమీద ఒకటి ప్రతిగమనం చేస్తే ఆర్-స్క్వేర్ తరచూ 0.9 దాటి వస్తుంది. అది సంబంధం కాదు, రెండింటిలో ఉన్న ధోరణి. డర్బిన్–వాట్సన్ విలువ (ఒక ఏడాది అవశేషం ముందటి ఏడాది అవశేషాన్ని అనుసరిస్తోందా అని చూపేది) ఆర్-స్క్వేర్ కంటే తక్కువుంటే అక్కడే ఆగి, అసలు విలువల బదులు ఏటేటి మార్పులు తీసుకుని మళ్లీ కట్టాలి.

హంద్రీ (కర్నూలు):
బి.ఏ. మూడో ఏడాది, ఇంటర్ హెచ్.ఇ.సి. రోజుకు 2 గంటలు దొరుకుతాయి, కోచింగ్‌కు డబ్బు లేదు. ఏ వరుసలో మొదలుపెట్టాలి అక్కా, అన్నా?

గుత్తికోట:
తమ్ముడూ, పెన్నాతీరం అన్న చెప్పిన బీజగణితం తప్పులు నీకున్నాయో లేదో మొదట చూసుకో. ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితం అధ్యాయాల నుంచి 40 లెక్కలు తీసుకుని గంటన్నరలో చేయి. 32 దాటితే నేరుగా ఇంటర్ పుస్తకంలో ప్రమేయాలు, మాత్రికలకు పో. దాటకపోతే మూడు వారాలు అక్కడే ఉండు, తొందర వద్దు. ఆ తర్వాత అవకలనానికి నాలుగు వారాలు, పాక్షిక అవకలనం, లగ్రాంజ్‌కు రెండు, సంభావ్యతకు మూడు. త్రికోణమితి ప్రమేయాల అవకలజాలు వదిలేయి. తెలుగు అకాడమీ పుస్తకంతో పాటు ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండు, పన్నెండు తరగతుల గణితం పుస్తకాలు వాళ్ల సైట్‌లో ఉచితంగా దిగుతాయి. ఒకే పాఠం రెండింట్లో పక్కపక్కన పెట్టుకుని చదువు, మేడమ్ చెప్పిన మాటల నోటుబుక్ దానంతట అదే నిండుతుంది.

పెన్నాతీరం:
దరఖాస్తులు రెండింటికీ పెట్టు నాయనా, పీజీసెట్‌కూ సి.యు.ఇ.టి.కీ. సీటు ఎక్కడ వచ్చిందో చూశాక ఆగాలా వద్దా అనేది మళ్లీ ఇక్కడే మాట్లాడుకుందాం. ఆ 40 లెక్కల్లో ఏవేవి తప్పాయో రాసి పెట్టు. మొత్తం ఎన్ని వచ్చాయన్నదానికంటే ఏ రకం తప్పాయో తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలం.