రాత్రికి రాత్రే ఇంటి సామాను చేర్చే లారీల్లో ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి కావాలా?

ప్రశ్న: ఇల్లు మారిన ఉద్యోగి, హైదరాబాద్
పోయిన నెలలో కూకట్‌పల్లి నుంచి బెంగళూరుకు సామాను తరలించాము. పొద్దున తొమ్మిదింటికి సర్దడం మొదలుపెడితే, బీరువా, ఫ్రిజ్, మంచాలు డీసీఎం అనే మధ్యతరహా లారీలోకి ఎక్కించి పట్టా కట్టేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఉదయం నుంచి మా గేటు దగ్గరే ఉండి హమాలీలకు సాయం పట్టిన డ్రైవరే, తువ్వాలు తడిపి మొహం తుడుచుకుని, ఒంటరిగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. మర్నాడు ఉదయానికే చేరాలని పట్టుబట్టింది నేనే గనుక ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీల్లో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కేంద్రం 2018లో తొలగించింది. ఇళ్లు మార్చే సంస్థలకైనా దాన్ని మళ్లీ తేవాలని నా అభిప్రాయం.

జవాబు: రవాణా సంస్థ నిర్వాహకుడు, విజయవాడ
మీ బాధ అర్థమైంది కానీ, మీరు సూచించిన మందు పనిచేయదు. ఒక్క డ్రైవరు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో రెండోవాడిని ఎక్కడి నుంచి తెస్తాం? తెచ్చినా, డీసీఎం క్యాబిన్‌లో కాళ్లు చాపుకునే చోటుండదు కాబట్టి తెల్లవారుజామున ఇద్దరూ నిద్రమత్తులోనే ఉంటారు. కొత్త లారీలకు 80 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్లు వచ్చాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. అలసట తగ్గేది ఇలాంటి వాటితోనే.

జవాబు: లారీ డ్రైవరు కుమార్తె, కర్నూలు
అయ్యా, ఏసీ ఉక్కపోతను తగ్గిస్తుంది గానీ నిద్రను ఆపదు. మా నాన్నగారు ఇరవై ఏళ్లు ఈ దారిలోనే, కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా లారీ నడిపారు. తెల్లవారుజామున మూడింటికి రోడ్డు మీది తెల్లగీత రెండుగా కనిపించేదని ఆయన చెప్పేవారు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు సుమారు 570 కిలోమీటర్లు. గంటకు 50 చొప్పున నడిపినా పదకొండు గంటలు దాటుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అని, ఏకబిగిన ఐదు గంటలు మించి పని చేయించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. ప్రత్యేక అనుమతి ఉన్న దూరపు దారుల్లోనూ 10 గంటలు దాటకూడదంది. పైగా కార్మికుడు యజమాని చెప్పుచేతల్లో ఉన్న సమయాన్ని ఆ చట్టం పనివేళలుగానే లెక్కించింది. అంటే లోడు ఎక్కించడంలో సాయం పట్టిన డ్రైవరుకు పని మొదలైంది రాత్రి ఎనిమిదింటికి కాదు, ప్రశ్న అడిగినవారి గేటు దగ్గర, పొద్దున తొమ్మిదింటికి! రెండో డ్రైవరును పెట్టినా, అతను కూడా పగలంతా బీరువాలు మోసి ఉంటే ఏం లాభం? రాత్రి బండి నడిపే మనిషి పగలు ఇంట్లో నిద్రపోయి, లోడు పూర్తయ్యాకే రావాలి. బిల్టీ (సరుకు రసీదు) మీద బండి బయలుదేరిన వేళతో పాటు డ్రైవరు డ్యూటీకి వచ్చిన వేళ కూడా రాయండి.

జవాబు: రవాణా సంస్థ నిర్వాహకుడు, విజయవాడ
అమ్మా, బిల్టీ మీద ఆ వేళ రాయడానికి నాకు అభ్యంతరం లేదు. వచ్చే లోడు నుంచే రాయిస్తాను. పగలు నిద్రపోయిన డ్రైవరును రాత్రికి పిలిస్తే కిరాయి కొంత పెరుగుతుంది. పక్క సంస్థ తక్కువకే ఒప్పుకుందంటూ బేరమాడే ఇంటివారు ఆ తేడా భరిస్తారా అన్నదే నా సందేహం.

ప్రశ్న అడిగిన ఉద్యోగి
నేను భరిస్తాను. అంతకన్నా, సామాను ఒక రోజు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదని ముందే రాసిస్తాను. మొన్న ఆ రాత్రి ఎలాగూ చాపల మీదే గడిపాము, ఇంకో రాత్రి అలాగే గడుపుతాము.