అప్‌డేట్: క్లబ్బుల వీధి హాస్టల్‌లో నిద్ర సమస్య తీరింది

క్లబ్బులు, బార్లు కిక్కిరిసిన వీధిలో చవక హాస్టల్‌లో దిగానని, తెల్లవారేదాకా డార్మిటరీ మంచం దడదడలాడుతోందని, బుకింగ్ రద్దు చేసుకోవాలా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రద్దు అవసరం రాలేదు.

పనిచేసింది గది మార్పు. శబ్దం ఎటునుంచి వస్తోందని రాత్రి డ్యూటీలో ఉన్న రిసెప్షన్ ఉద్యోగిని అడిగితే, మా గదికీ పక్క క్లబ్బుకూ గోడ ఒక్కటేనని చెప్పారు. కిటికీ మూసినా తగ్గకపోవడానికి కారణం అదే. బేస్ ధ్వని (పాటల్లో దడదడమనే లోతైన మోత) గాలిలోనే కాదు, గోడ, నేల, మంచం చట్రం గుండా కూడా వస్తుంది. ఖాళీ ఉండటంతో వెనకవైపు గదికి మార్చారు. అక్కడ వీధిలోని అరుపులు సన్నగా వినిపిస్తాయి, దడ మాత్రం అస్సలు లేదు! అందుకే ‘నిశ్శబ్దమైన గది’ అని ఊరుకోకుండా, ‘క్లబ్బుతో గోడ కలవని, వీధివైపు కిటికీ లేని గది’ అని స్పష్టంగా అడగండి.

ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు గురకను, మాటలను బాగా తగ్గించాయి. సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పాత గదిలో బేస్ ముందు మాత్రం అవి నిలవలేదు. ఫ్యాన్ శబ్దం వినిపించే యాప్ కూడా అంతే. అర్ధరాత్రి వచ్చేవాళ్లు వేసే లైటుకు కంటిపట్టీ సరిపోయింది.

ఇయర్‌ప్లగ్‌లతో అలారం వినిపించకపోవచ్చు. చేతి గడియారంలో వైబ్రేషన్ అలారం పెట్టుకుంటే మిగతావాళ్ల నిద్ర కూడా చెడదు.