లాక్రాస్ నదిలో తొమ్మిది మంది: తాగి పడ్డారా, ఎవరైనా తోశారా?

పాతకేసులు:
అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లాక్రాస్ అని ఒక ఊరుంది. జనాభా యాభై వేల పైచిలుకు, మిసిసిపీ ఒడ్డున ఉంటుంది. 1997 నుంచి 2010 మధ్యలో ఆ ఊళ్లో కాలేజీ వయసు కుర్రాళ్లు తొమ్మిది మంది నదిలో శవాలై దొరికారు. ఒక్క అమ్మాయి లేదు. పోలీసులు మాత్రం ప్రతిసారీ అదే మాట: తాగాడు, నీళ్లలో పడ్డాడు.

2008లో న్యూయార్క్ పోలీసు శాఖలో రిటైరైన డిటెక్టివ్‌లు కెవిన్ గానన్, ఆంథొనీ డ్వార్టే ముందుకొచ్చారు. ఇవన్నీ ఒక ముఠా చేసిన హత్యలేననీ, ఇలాంటివి వేరే రాష్ట్రాల్లోనూ జరిగాయనీ, కొన్ని చోట్ల దగ్గర్లో గోడల మీద స్మైలీ బొమ్మలు కనిపించాయనీ చెప్పారు. ఎఫ్‌బీఐ అదే ఏడాది ఆధారాల్లేవని కొట్టిపారేసింది.

నా అనుమానం సింపుల్. బార్లు డౌన్‌టౌన్‌లో ఉన్నాయి. యూనివర్సిటీ వాటికి తూర్పున, నది పడమరన. ఇంటికి వెళ్లాల్సిన కుర్రాడు ఎంత తాగితే మాత్రం రివర్స్‌లో ఎందుకు నడుస్తాడు? ఒకడంటే సరే. తొమ్మిది మందా?

చలిదేశం:
అన్నా, నేను ఆ ఊళ్లోనే రెండేళ్లు ఎమ్మెస్ చదివాను, అందుకే చెప్తున్నా. మ్యాప్‌లో చూస్తే మీ ప్రశ్న న్యాయమే. కాళ్లతో నడిస్తే వేరేలా ఉంటుంది.

బార్లన్నీ థర్డ్ స్ట్రీట్ చుట్టుపక్కలే. అక్కణ్ణించి రెండు వీధులు దాటితే రివర్‌సైడ్ పార్కు, పార్కు అయిపోతే నీళ్లు. పాన్ షాపు దాకా వెళ్లొచ్చినంత దూరం. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి దాటాక రెండున్నరకి బార్లు మూసేస్తారు. అందరూ ఒకేసారి రోడ్డు మీద పడతారు. వెలుతుర్లో జనం, పోలీసు కార్లు. మూత్రం వస్తే ఎటు పోతాడు? చీకటి ఉన్న వైపే కదా. ఆ వైపు నది ఉంది.

ఒకసారి నవంబరులో ఫ్రెండ్స్‌తో అక్కడికి వెళ్లాను. నేను చుక్క ముట్టను, అయినా గడ్డి ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కనిపించలేదు. చెప్పు కింద రాయి చల్లగా, జారుడుగా తగిలింది. వెనక్కొచ్చేశాను. ఇంకా నయం.

పాతకేసులు:
అనుభవం చెప్పారు, ఒప్పుకుంటా. కానీ పక్క రాష్ట్రం మిన్నెసోటాలో మిన్నియాపొలిస్ సంగతి ఏంటి? అదీ మిసిసిపీ ఒడ్డున ఉన్న ఊరే. 2002 హాలోవీన్ రాత్రి ఒక స్టూడెంట్ బార్ నుంచి బయటికొచ్చి మాయమయ్యాడు. తర్వాతి ఏడాది శవం నదిలో దొరికింది. అప్పుడూ ఇదే మాట, తాగి పడ్డాడని. తల్లిదండ్రులు వదల్లేదు. 2006లో అదే పోలీసు శాఖ హత్య అని మార్చి రాసి, ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పింది. నాలుగేళ్లు ఆ తల్లి నోరు నొప్పెట్టేలా అరిస్తే గానీ కదల్లేదు. ఇంక లాక్రాస్‌లో 'ప్రమాదం' అని రాసిన కాగితాన్ని నేనెందుకు నమ్మాలి?

గోదారిగట్టు:
పాతకేసులు గారూ, ఇది మీ వాదనలో బలమైన ముక్క. కానీ అది ఒక్క హత్యని చూపిస్తుంది, ముఠాని కాదు.

స్మైలీల దగ్గర మాత్రం నాకు నవ్వొస్తుంది. నేను పుట్టి పెరిగింది నది పక్కన. మునిగినవాడు మునిగిన చోట తేలడు. ప్రవాహం లాక్కుపోతుంది. ఇక్కడ ఎండాకాలం అయితే రెండు మూడు రోజుల్లో శవం పైకొస్తుంది. అక్కడ నీళ్లు గడ్డకట్టే చలి. శరీరంలో గ్యాస్ త్వరగా పుట్టదు కాబట్టి అడుగునే ఉండిపోతుంది, ఒక్కోసారి వసంతం దాకా. అలాంటప్పుడు వాడు ఎక్కడ నీళ్లలో పడ్డాడో ఎవరికి తెలుసు? ఏ గోడని 'దగ్గర్లోని గోడ' అంటారు? స్ప్రే డబ్బా పట్టిన ప్రతి పిల్లాడూ ముందు గీసేది ఆ బొమ్మే.

అందరూ మగపిల్లలే అనేది కూడా వింత కాదు. అమెరికాలో నీళ్లలో మునిగి చనిపోయేవాళ్లలో దాదాపు 80 శాతం మగవాళ్లే. అమ్మాయిలు బార్ నుంచి గుంపుగా వెళ్తారు. మనవాడు 'నేను పోతాలే' అని ఒక్కడే బయల్దేరతాడు.

అర్ధరాత్రిటీ:
మీ అందరికీ ఒక సంగతి గుర్తు చేయాలి. లాక్రాస్‌లో నిజంగా తేలని కేసు ఒకటుంది, దాని గురించి మన చర్చల్లో ఎవరూ నోరెత్తరు.

1953 అక్టోబరు 24, శనివారం. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రాత్రి. ఒక ప్రొఫెసర్ ఇంట్లో వాళ్ల పసిపాపని చూసుకోవడానికి 15 ఏళ్ల అమ్మాయి వెళ్లింది. ఆమె నాన్న కూడా అదే కాలేజీలో ప్రొఫెసర్ (అదే ఇప్పటి యూనివర్సిటీ). కూతురు ఫోన్ చేయకపోయేసరికి ఆయనే చేశాడు. ఎత్తలేదు. వెళ్లి తలుపు కొట్టాడు. కిటికీలోంచి చూస్తే లోపల కూతురి కళ్లద్దాలు, ఒక కాలి బూటు. రెండో బూటు కింద బేస్‌మెంట్‌లో. బేస్‌మెంట్ కిటికీ తెరిచి ఉంది. పాప మాత్రం ఏమీ ఎరగకుండా నిద్రపోతోంది. బయట నెత్తురు, పక్కింటి గోడ మీద నెత్తుటి మరక.

ఊరు ఊరంతా వెతికింది. కార్లు ఆపి నెత్తురు మరకలున్నాయేమో చూసి, లేనివాటికి 'నా కారు ఓకే' అని స్టిక్కర్ అంటించారు. ఆ స్టిక్కర్ లేని కారులో తిరగడానికి మనిషికి ఎంత టెన్షన్ అయ్యుంటుందో ఊహించండి. తర్వాత హైవే పక్కన నెత్తురంటిన డెనిమ్ జాకెట్, టెన్నిస్ బూట్లు దొరికాయి. 1957లో అదే రాష్ట్రానికి చెందిన హంతకుడు ఎడ్ గీన్ పట్టుబడ్డాక అతన్నీ అడిగారు, సంబంధం తేలలేదు. అమ్మాయి నేటికీ దొరకలేదు.

ఇక్కడ నెత్తురుంది, బలవంతంగా చొరబడిన ఆనవాళ్లున్నాయి, బట్టలున్నాయి. తొమ్మిది మంది కుర్రాళ్ల దగ్గర ఉన్నది ఏమిటి? రక్తంలో ఆల్కహాల్. దీనికేమో స్మైలీ ముఠా, టీవీ షోలు. దానికేమో నిశ్శబ్దం.

పాతకేసులు:
ఆధారం దొరకలేదంటే నేరం జరగలేదని కాదు కదండీ. తోసేవాడు నెత్తురు కార్చడు. చల్లటి నీళ్లు అన్నీ కడిగేస్తాయి. హత్య చేయడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

గోదారిగట్టు:
అదే చిక్కు. ఆధారం ఉంటే హత్య, ఆధారం లేకపోతే తెలివైన హత్య. ఇంక మీ వాదన ఎప్పటికీ ఓడిపోదు.

చలిదేశం:
2004 ఏప్రిల్‌లో ఇంకో కుర్రాడు పోయాక ఊళ్లో మీటింగ్ పెడితే వందల మంది వచ్చి పోలీసుల మీద విరుచుకుపడ్డారట. సీనియర్లు చెప్పేవారు. హంతకుడున్నాడంటే కోపం చూపించడానికి ఒక మనిషి దొరుకుతాడు. 'మా వాడు తాగి పోయాడు' అంటే ఎవరిని తిట్టాలి? 1961 నుంచి ఊరంతా గొప్పగా జరుపుకునే ఆక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగనా?

చివరికి పని చేసింది స్టూడెంట్లే. 2006లో 'ఆపరేషన్ రివర్ వాచ్' మొదలుపెట్టారు. వీకెండ్ రాత్రుళ్లు పార్కులో గస్తీ తిరుగుతూ, నది వైపు తూలుతూ వచ్చినవాళ్లని వెనక్కి మళ్లించారు. వాళ్ల వెనకాల ఎవరూ తోయడానికి రావట్లేదు అన్నా. వాళ్లంతట వాళ్లే వస్తున్నారు.

పాతకేసులు:
సరే, అందరినీ ఒకే ముఠా చంపిందన్న మాట వెనక్కి తీసుకుంటా. కానీ తొమ్మిదిలో ఒకటి మిన్నియాపొలిస్‌లాంటిది అయ్యుండొచ్చు. ముఠా కథ మీద అందరూ నవ్వుకునేసరికి ఆ ఒక్కటీ పాత ఫైళ్లలో కలిసిపోయిందేమో. దీనికి మీ దగ్గర జవాబుందా?

గోదారిగట్టు:
లేదు. ఇది మాత్రం నిజమైన ప్రశ్న.

అర్ధరాత్రిటీ:
నేనైతే ముందు ఆ జాకెట్ సంగతి అడుగుతా. డెబ్భై ఏళ్లు దాటింది.