వాటర్‌కలర్ స్టిల్ లైఫ్‌లో తెల్లరంగు వాడితే తప్పా?

కొత్తకుంచె:
ఏడాదిగా వాటర్‌కలర్‌లో స్టిల్ లైఫ్, అంటే పళ్లు, సీసాల్లాంటి వస్తువుల బొమ్మలు, వేస్తున్నాను. బొమ్మ అచ్చం ఎదురుగా ఉన్న వస్తువులా రావాలని నా పట్టుదల. నిన్న నల్లద్రాక్ష గుత్తి వేశాను. మెరుపుల కోసం కాగితాన్ని రంగు వేయకుండా వదలడం మర్చిపోయి, చివర్లో తెల్ల గ్వాష్‌తో (కింది కాగితం కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) చుక్కలు పెట్టాను. అది చూసిన ఒక ఆర్టిస్టు "ఇది మోసం" అనేశారు. చాలా బాధేసింది. నిజంగా అంత తప్పా?

తడికాగితం:
తప్పనను గానీ, నేర్చుకునే రోజుల్లో వద్దంటాను. వాటర్‌కలర్‌లో వెలుగు పలచటి రంగు గుండా వెళ్లి, కింది కాగితాన్ని తాకి వెనక్కి వస్తుంది. గ్వాష్ మీద పడిన వెలుగు పైపైనే తిరిగొస్తుంది. అందుకే మీ చుక్కలు పండు మీద సున్నం చిందినట్టు కనిపించి ఉంటాయి. పైగా తెల్లరంగు ట్యూబు పక్కనుంటే ముందుగా ఆలోచించడం మానేస్తాం. నేను రెండేళ్లు అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పుడు మొదటి వాష్‌కి (నీళ్లు కలిపిన పలచటి రంగుపూత) ముందే మెరుపుల హద్దులు పెన్సిల్‌తో సన్నగా గీసుకుంటాను.

పాతపలక:
"మోసం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మ చూడండి. పలచటి వాష్‌ల మీద వెంట్రుకల్ని చిక్కటి రంగుతో, తెలుపుతో సన్నసన్నగా తీశాడు. ఇక ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హెన్రీ హంట్ (1790–1864) పళ్లు, పక్షిగూళ్లు ఎంతగా వేశాడంటే "పక్షిగూళ్ల హంట్" అనే పేరే పడింది. రంగుల కంపెనీ విన్సర్ అండ్ న్యూటన్ 1834లో చైనీస్ వైట్ అనే చిక్కటి తెల్లరంగు అమ్మకానికి తెచ్చింది. హంట్ ఆ తెల్లరంగు ముందుగా పూసి, గట్టిగా ఆరనిచ్చి, దాని మీద స్వచ్ఛమైన రంగులు వేసేవాడు. అంటే ఆయన దగ్గర తెలుపు ఆఖరి చుక్క కాదు, అడుగు పూత. ద్రాక్ష వేసేవాళ్లు ఆయన పళ్లను తప్పకుండా చూడాలి.

తడికాగితం:
హంట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయన తెల్లపూత ఎక్కడ వేయాలో ముందే తేల్చుకున్నాడు కదా. నా వాదనా అదే, ముందు చూపు ఉండాలని.

గాజుసీసా:
మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితం మీద పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) ఎవరూ అనలేదేం? గాజు అంచుల మెరుపుకి బాగుంటుంది, అక్కడ హద్దు పదునుగానే ఉంటుంది. ద్రాక్షకి మాత్రం వద్దు, తీశాక కత్తిరించినట్టు అంచు మిగులుతుంది. తడి కుంచెతో రంగు ఎత్తేయడం మేలు. అయితే ఫ్తాలో రంగులు (గాఢమైన కృత్రిమ నీలం, ఆకుపచ్చ) కాగితానికి పట్టేస్తాయి, పూర్తిగా లేవవు. అల్ట్రామెరైన్ నీలం చాలావరకు లేస్తుంది.

కొత్తకుంచె:
అందరికీ ధన్యవాదాలు. ఈ పొద్దున ఒక్క పండే కిటికీ పక్కన పెట్టి పదినిమిషాలు ఊరికే చూశాను. మెరుపు గుండ్రటి చుక్క కానే కాదు! వంగిన చిన్న కిటికీ, మధ్యలో అడ్డగీతతో సహా. పండు మీద బూడిదలా ఉండే మైనపు పొర దగ్గరైతే తెలుపే లేదు, చల్లటి లేత నీలం. నిన్న నేను చూడకుండానే చుక్కలు పెట్టేశాను. ఈసారి కిటికీ మెరుపుకి కాగితం వదిలాను. బూడిద పొర దగ్గర వాష్ తడి ఆరకముందే, పిండిన కుంచెతో రంగు ఎత్తాను. కాడ అంచు మాత్రం మర్చిపోయి, అక్కడ వెంట్రుకంత తెల్లగీత పెట్టాను. ఫోటో కింద ఉంది.

తడికాగితం:
పండు బాగా వచ్చిందండీ, మైనపు పొర మరీనూ. కాడ మీది గీత మాత్రం నాకు కనిపిస్తూనే ఉంది.

పాతపలక:
నాకూ కనిపిస్తోంది. ఆ కాడకి ఆ గీతే కావాలి, తీయకండి.